మరకలక్క ఓటు

ఆ హోటల్లో ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకు తప్ప మరెవరికీ గుర్తులేదు. సొంత దేశం వాళ్ళంతా మరకలక్క అనేవాళ్ళు. ఆ దేశం వాళ్ళకు అంత మాటకి నోరు తిరక్క ఒట్టి ‘అక్క’ దగ్గర ఆగిపోయేవాళ్ళు. అర్థం తెలియకుండానే వరస కలిపేసుకున్నారు. తల నెరిసిన మేనేజరు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవాడు. అక్క అంటే పెద్ద తోబుట్టువని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెబితే ఎక్కడ మానేస్తాడోనని.

లాండ్రీ నేలమాళిగలో ఉండేది. ఒక పక్క ఉతికే యంత్రాలు, నడుమ దుప్పట్లను మింగి ముడతల్లేకుండా కక్కే ఇస్త్రీ రోలర్లు, ఈ చివర గాలిగొట్టం కింద తెల్లటి పలక పరిచిన ఎత్తుబల్ల. యంత్రాలకు లొంగనివన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. కోటు మీద ఒలికిన ద్రాక్షసారా, బల్లగుడ్డ మీద నూనె, చొక్కా జేబులో కక్కిన కలం, దిండు గలీబు మీద కాటుక. ఎవరో రాత్రంతా ఏడ్చినట్టుందే అని ఇస్త్రీ చేసేవాళ్ళు గలీబు చూసి జాలిపడితే, “ఎవరేడిస్తే నాకెందుకమ్మా, కాటుక ఒట్టి నీళ్ళకు పోదు, నాకు తెలిసిందల్లా అదే” అనేది. కఠినురాలని కాదు. జాలిపడుతూ కూర్చుంటే మరక ఆరిపోతుంది.

ఆ పనికి ఉన్న సూత్రాలన్నీ ఆ ఒక్కదాంట్లోనే ఉన్నాయి. మరకను ఆరనివ్వకూడదు. కనిపించిన క్షణమే గుడ్డతో అద్దాలి, అద్ది తిప్పాలి, తిప్పి ఎత్తాలి. రుద్దితే మరకని తెచ్చి గుడ్డకిచ్చి పెళ్ళి చేసినట్టే, ఇక విడాకులుండవు. ఈ చదువు ఆమెకు తల్లి దగ్గర అబ్బింది. చేతిలో ఎంతగా ఇంకిపోయిందంటే, బజారులో ముక్కూమొహం తెలియని మనిషి చొక్కా మీద టీ చుక్క పడినా ఆమె చెయ్యి ముందుకు పోయేది. వెనక్కి లాక్కోవడానికి మళ్ళీ ఆలోచించాల్సి వచ్చేది. సంచిలో చిన్న స్పిరిట్ సీసా, కోటు జేబులో మెత్తటి తెల్లగుడ్డ లేకుండా ఆమె గడప దాటలేదు.

ఆమె భర్త అదే హోటల్లో లిఫ్టులు బాగుచేసేవాడు. అందరికీ లిఫ్టాయన. ఆయన పనే పైకీ కిందికీ తిరగడం కాబట్టి ఏ అంతస్తులో పనిచేసేవాళ్ళకైనా ఆయన రాజకీయం వినక తప్పేది కాదు. తలుపులు మూసుకున్నాక ఎవడు మాత్రం ఎక్కడికి పోతాడు? స్వదేశంలో రెండు పెద్ద పార్టీలు. ఒకదాని గుర్తు తాళంకప్ప, రెండోదాని గుర్తు తెడ్డు. ఆయన తాళంకప్ప మనిషి. పుట్టుకతో కాదు, చదివి, ఆలోచించి, వాదించి అయినవాడు. అలాంటివాళ్ళే ఎక్కువ మొండి.

పరదేశంలో ఉన్నవాడికి స్వదేశం మీద ప్రేమ పొంగుతుందని సభల్లో చెబుతుంటారు. పొంగేది ప్రేమో, ఏమీ తోచని ఆదివారాలో తేల్చడం కష్టం. లిఫ్టాయన విషయంలో మాత్రం అది నిజంగా పట్టుదల. దేశం వదిలినవాడి డబ్బు కావాలి గానీ ఓటు అక్కర్లేదా అని ఆయన అడిగిన ప్రశ్నకు ఏ మంత్రీ జవాబివ్వలేదు. ఆయన అడగడం మానలేదు. ఊళ్ళోని తమ దేశంవాళ్ళ సంఘాన్ని వెంటేసుకుని అర్జీలు పంపాడు, సంతకాలు పోగుచేశాడు, రాయబార కార్యాలయం మెట్ల మీద కూర్చున్నాడు. భార్య చేత కూడా అన్నిటి మీదా సంతకాలు పెట్టించాడు. ఆమె తడిచెయ్యి తుడుచుకుని ఎక్కడ చూపిస్తే అక్కడ పెట్టేది. చివరికి చట్టం వచ్చింది. విదేశాల్లో ఉన్నవాళ్ళు తమ దేశపు రాయబార కార్యాలయంలోనే ఓటు వేయవచ్చునన్నారు. ఆ వార్త విన్నరోజు ఆయన పనిబట్టలతోనే లాండ్రీలోకి దిగొచ్చి, రోలర్ల మోతలో ఏం చెబుతున్నాడో ఎవరికీ వినబడకపోయినా అందరితో చేతులు కలిపి పైకెళ్ళిపోయాడు.

చట్టాన్ని చూశాడు. ఓటు రోజును చూడలేదు. చలికాలంలో ఒక ఉదయం బూట్లు వేసుకుంటూ వేసుకుంటూ మంచం మీద వెనక్కి ఒరిగాడు. ఒక బూటు కాలికుంది.

ఆ తర్వాత జనం చెప్పాల్సినవన్నీ చెప్పారు. మీరు వెళ్ళి ఓటేస్తే ఆయన ఆత్మ శాంతిస్తుంది అన్నారు. ఆత్మల అవసరాల గురించి అంత రూఢిగా మాట్లాడేవాళ్ళు, రోజంతా నిలబడి పనిచేసే మనిషి కాళ్ళ గురించి ఒక్క మాట అడగరు. మరకలక్క ఆత్మల గోల పట్టించుకోలేదు. ఆమె లెక్క వేరు. ఆయన బట్టలు ఇచ్చేసింది. పనిముట్లు హోటల్‌వాళ్ళు తీసుకెళ్ళారు. ఈ దేశంలోనే వేరే ఊళ్ళో ఉన్న కూతురు ఆయన రేడియో అడిగితే పంపేసింది. ఆయన పేరు మీద చేయాల్సిన పనంటూ మిగిలింది ఇదొక్కటే. ఇదీ అయిపోతే ఇంకేం చేయాలో తెలియదు గానీ, మిగిలినదాన్ని వదిలేయడం మాత్రం ఆమె వల్ల కాదు. అందుకని ఇస్త్రీ చేసే ఆవిడతో షిఫ్టు మార్చుకుని, రాజధానికి సంఘంవాళ్ళు మాట్లాడిన బస్సెక్కింది.

బస్సులో పెద్దరికమంతా సెక్రటరీది. సంఘానికి కార్యదర్శి కాబట్టి ఆ పేరు. బతుకుతెరువుకు ఆయన టౌను బస్సు డ్రైవరు. లిఫ్టాయనకు కుడిభుజం, ఆయన పోయాక వారానికొకసారైనా వచ్చి వదినను పలకరించిపోయే మనిషి ఆయనొక్కడే. వచ్చి కాసేపు అన్నగురించి చెప్పేవాడు, కాసేపు ఆవిడ చెప్పింది వినేవాడు. చనిపోయినవాడి గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించని మనిషి అయినందుకు ఆమెకు ఆయనంటే ఇష్టం.

దారిలో ఎవరో సడెన్ బ్రేకు వేయించారు. సెక్రటరీ చేతిలోని టీ ఆయన తెల్లచొక్కా మీదే ఒలికింది. బస్సు నడిపేవాడికి బస్సులో కూర్చోవడం చేతకాదని వెనక సీట్ల వాళ్ళు నవ్వారు. మరకలక్క అప్పటికే లేచింది. సంచిలోంచి సీసా తీసి, గుడ్డ తడిపి, చొక్కా కింద అరచెయ్యి పెట్టి అద్దడం మొదలెట్టింది. చూస్తుండగానే మచ్చ పాలిపోయి మాయమైంది. బస్సంతా చప్పట్లు.

“వదినా, మన పార్టీ మీద మరకలు కూడా ఇలాగే తీసెయ్యరాదూ?” అన్నాడు సెక్రటరీ.

“అవి ఎప్పుడో ఆరిపోయాయి తమ్ముడూ. నా వల్ల కాదు.”

అందరూ నవ్వారు. సెక్రటరీ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. ఆమె తడిగుడ్డను మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

రాయబార కార్యాలయంలో వీసాల హాలునే ఓటింగు గదిగా మార్చారు. క్యూ గేటు దాటి వీధిలోకి, వీధి మలుపు దాకా. అంత దూరం నిలబడ్డాక ఎంత పతివ్రతా దేశభక్తికైనా కాళ్ళు లాగుతాయి. మరకలక్కకు నిలబడటం కొత్తకాదు. కొత్తది ఏమిటంటే, చేతిలో పనిలేకుండా నిలబడటం. ఊరికే నిలబడితే మనసు ఎక్కడికైనా పోతుంది. ఆమె మనసు నేరుగా వాళ్ళ ఊరి మిల్లు గేటు దగ్గరికి పోయింది.

వాళ్ళమ్మ సర్కారు బట్టలమిల్లులో రంగుల షెడ్డులో చేసేది. మోచేతుల దాకా నీలంగా ఇంటికొచ్చేది. తాళంకప్ప పార్టీ గెలిచిన ఏడాది నష్టాలొస్తున్నాయని మిల్లు మూసేశారు. గుర్తు ఏదో పనీ అదే, చెప్పిన మాట నిలబెట్టుకున్నారు అని అమ్మ నవ్వింది. ఆ తర్వాత అంత గట్టిగా ఎప్పుడూ నవ్వలేదు. ఊరివాళ్ళ బట్టలు ఉతకడం మొదలెట్టింది. రంగులు ఎక్కించిన చేత్తోనే మరకలు తీయడం నేర్చుకుని కూతురికి నేర్పింది. ఆ చేతుల నీలం మాత్రం ఆమె పోయేదాకా పోలేదు.

పెళ్ళయిన కొత్తలో ఆమె ఈ సంగతి ఒకసారి భర్తకు చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, “ఒక్క మిల్లు కోసం దేశాన్ని చూడకుండా పోతామా?” అన్నాడు. తర్వాత నష్టాల గురించి, అప్పుల గురించి వివరంగా చెప్పాడు. చెడ్డమాటేం కాదు. నెమ్మదిగానే చెప్పాడు. ఆయన లెక్కలకు ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు లేనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని చెప్పే మాటా దొరకలేదు. కాబట్టి ఊరుకుంది. ఊరుకున్న మనిషిని ఆయన ఒప్పుకున్న మనిషి కింద జమకట్టుకున్నాడు. కాపురాల్లో ఈ జమలు రాసుకోరు, కొట్టేయరు, అలా మోసుకుపోతుంటారు.

క్యూ కదిలింది. పెట్టె దగ్గరికి వెళ్ళాక ఎవరూ పక్కన నిలబడరట, తడిక అడ్డంగా ఉంటుందట అని ముందున్నవాళ్ళు చెప్పుకుంటున్నారు. ఎవరూ చూడరు. ఆ మాట ఆమెలో ఎక్కడో తగిలింది. నేను తెడ్డుకు వేస్తాను అనుకుంది. అనుకున్నాక తనే ఉలిక్కిపడి అటూఇటూ చూసింది, పైకి అన్నానేమోనని. తెడ్డువాళ్ళేమీ మిల్లు తెరిచే బాపతు కాదని ఆమెకు తెలుసు. అయినా తాళం వేసిన చేతికి తనచేత్తో ఓటు వేయదు, అంతే. ఆయన కోసం వచ్చిన మనిషి ఆయనకు ఎదురు ఓటు వేస్తుందా? వేస్తుంది. ఇన్నేళ్ళకు ఒకసారి ఆయనకు ఎదురుచెప్పబోతున్నట్టు ఒంట్లో ఏదో వణుకు. అందులో భయం ఉంది, సిగ్గు ఉంది, చాలాకాలంగా లేని ఉత్సాహమూ ఉంది. ఆయన పోయాక మొదటిసారి ఆమెకు ఆకలేసింది.

హాల్లో మూడు బల్లలు. మొదటి బల్ల దగ్గర పాసుపోర్టు చూసి పేరు చదివారు. రెండో బల్ల దగ్గర ఒక చిన్నమ్మాయి పుల్లతో ఎడమచేతి చూపుడువేలి గోరు మొదట్లో సిరా పూస్తోంది. మూడో బల్ల దగ్గర ఓటు పత్రం ఇస్తున్నారు. గోడవారన రెండు కుర్చీల్లో రెండు పార్టీల ఏజెంట్లు. తాళంకప్ప ఏజెంటు ఆమెను గుర్తుపట్టి, లిఫ్టాయన మీద గౌరవంతో, సగం లేచి కూర్చున్నాడు.

సిరా పూసే అమ్మాయి ఆమె వేలు పట్టుకుని గీత గీసింది. ఊదారంగు చుక్క గోరు అంచు దాటి చర్మం మీదికి జారింది. తడిగా, మెరుస్తూ.

మరకలక్క మనసు అప్పుడు మూడో బల్ల మీద ఉంది. పత్రం ఎంత పెద్దదో, తెడ్డు గుర్తు పైనుంటుందో కిందుంటుందో చూస్తోంది. కుడిచెయ్యి తన పని తాను చేసింది. జేబులోంచి ఇంకా చెమ్మ ఆరని గుడ్డ తీసింది, అద్దింది, తిప్పింది, ఎత్తింది. అంతా కలిపి రెప్పపాటు. గుడ్డ మీద ఊదారంగు పువ్వులా విచ్చుకున్నాక గానీ ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. వేలి మీద గోరు సందున సన్నటి నీడ తప్ప ఏమీ మిగల్లేదు.

“అయ్యో అమ్మా, ఏం చేశారు?” అంది ఆ అమ్మాయి.

“చెయ్యి ఊరుకోలేదు తల్లీ. మళ్ళీ పుయ్యి.”

ఆ అమ్మాయి నిజంగానే పుల్ల మళ్ళీ ముంచబోయింది. తెడ్డు ఏజెంటు లేచి నిలబడ్డాడు.

“ఆగండాగండి. చెరుపుకోవడం, మళ్ళీ పూయించుకోవడం అయితే ఆ సీసా ఎందుకు, గోళ్ళరంగు సీసా పెట్టుకోండి.” అధికారి వైపు తిరిగి, ఈవిడ ఎవరనుకున్నారు, లిఫ్టాయన భార్య అన్నాడు. జేబులో స్పిరిట్ వాసన కొట్టే గుడ్డ సిద్ధం చేసుకునే వచ్చిందని, ఇక్కడొక ఓటు వేసి వేలు కడుక్కుని ఇంకోపేరుతో ఇంకోటి వేయడానికేనని గట్టిగా ఆరోపించాడు. తాళంకప్ప ఏజెంటు కూడా లేచాడు. ఆవిడ వృత్తే మరకలు తీయడం, ఊరంతా తెలుసు అన్నాడు.

“వృత్తినే పార్టీకి వాడుతున్నారనేగా నేనూ అంటున్నది.”

“గుమ్మడికాయల దొంగంటే ఆవిడ భుజాలు తడుముకోవట్లేదు, నువ్వు తడుముకుంటున్నావు.”

హాలంతా ఇటు తిరిగింది. క్యూలో వెనకున్న సెక్రటరీ ముందుకొచ్చాడు. ఆవిడ ఎవరో, ఆమె భర్త ఎవరో, ఈ హాల్లో ఈ పెట్టె ఉండటానికి ఆయన ఎన్ని మెట్లెక్కి దిగాడో చెప్పాడు. అది ఒక మనిషి ఓటు కాదు సార్, ఆయన జీవితకాలపు ఓటు, దాన్ని ఆపకండి అన్నాడు. విన్నవాళ్ళలో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. దాంతో తెడ్డు ఏజెంటుకు అనుమానం గట్టిపడింది.

వాళ్ళ మధ్య మరకలక్క గుడ్డ పట్టుకుని నిలబడింది. ఒక్క మాట చాలు. ఒరే నాయనా, నువ్వు ఆపుతున్నది నీకు పడబోయే ఓటేరా అంటే చాలు, ఆ తెడ్డు మనిషి నోరు మూసుకుని కూర్చునేవాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే సెక్రటరీ కళ్ళనిండా నీళ్ళతో అన్న పేరు చెబుతున్నాడు. ఆ నీళ్ళ ముందు ఆ మాట ఎలా అనడం? ఇన్నేళ్ళూ ఎలా ఊరుకుందో అలాగే ఊరుకుంది.

పెద్ద అధికారి వచ్చాడు. పుస్తకం తెరిచి చదివాడు. పత్రం తీసుకునే ముందు వేలి గుర్తును చెరపడానికి ఏ పని చేసినా, అలాంటివారికి పత్రం ఇవ్వకూడదని ఉంది. ఎందుకు చేశారన్నది రూలు అడగదు. ఆయన పుస్తకం మూసి, గొంతు తగ్గించి, “నేను మిమ్మల్ని నమ్ముతున్నానమ్మా. కానీ ఈ రూలు రాసినవాడు మీ చేతిని చూసి రాయలేదు” అన్నాడు.

మళ్ళీ ఎప్పుడని ఆమె అడిగింది. వచ్చే ఎన్నికలప్పుడని చెప్పాడాయన, అదేదో వచ్చేవారమన్నట్టు. అప్పటికి వయసైపోయి ఆమె పని మానేసి ఉంటుంది, పని మానితే ఈ దేశంలో ఉండనివ్వరు. స్వదేశంలో ఓటర్ల జాబితాకు ఆమె పేరు రాసుకునే గడప ఇప్పుడు లేదు. ఇదంతా ఆయనకు చెప్పలేదు. బయట బెంచీ మీద కూర్చుని మిగతావాళ్ళు ఓటేసి వచ్చేదాకా ఎదురుచూసింది.

తిరుగు ప్రయాణంలో బస్సంతా ఊదారంగు వేళ్ళు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అందరూ ఓదార్చారు, అది ఇంకా కష్టం. లిఫ్టాయన ఉంటే ఎంత నవ్వేవాడో అన్నారు కొందరు. అన్న ఓటు అన్యాయంగా పోయిందన్నారు కొందరు. ఆయన ఓటు, ఆయన ఓటు అని బస్సు దిగేదాకా అంటూనే ఉన్నారు. ఎదురుసీటు కమ్మీ మీద ఉన్న తన వేలిని ఆమె చూస్తూ కూర్చుంది. పోయింది నా ఓటు అని ఒక్కరికైనా తట్టలేదు. తట్టనందుకు వాళ్ళను తప్పుపట్టలేకపోయింది. పొద్దున బస్సెక్కేటప్పుడు తనకూ తట్టలేదు.

ఆదివారం సాయంత్రం సెక్రటరీ వచ్చాడు. ఒకటే గది. గోడవైపు తెరుచుకునే కిటికీ, ఇద్దరికి సరిపోయే మంచం, మూల స్టవ్వు. ఆమె టీ పెట్టింది. ఆయన చేతిలో టైపు చేసిన కాగితం. ఎన్నికల సంఘానికి అర్జీ. ఈ రూలు మార్చాలని ఉద్యమం లేవదీస్తామని, అన్న మొదలుపెట్టినది అన్న ఇంటినుంచే ముందుకుపోతుందని చెప్పి చదివి వినిపించాడు. స్వర్గీయ నాయకుని అర్ధాంగి, ఆయన ఆశయాలకు వారసురాలు, ఆయన కలలుగన్న ఓటు. బాగా రాశాడు.

“ఇక్కడ సంతకం పెట్టండి వదినా.”

ఆమె చెయ్యి తుడుచుకుంది. కలం తీసుకోలేదు.

“ఇందులో నేనెక్కడున్నాను తమ్ముడూ?”

“మొత్తం మీరే కదా.”

“ఆయన అర్ధాంగి, ఆయన ఆశయం, ఆయన కల. ఓటు నాది కదా.”

“మీదే, కాదన్నదెవరు? మీదైతే ఏమిటి, అన్నదైతే ఏమిటి? పడేది ఒకే గుర్తు మీదేగా.”

“ఒకే గుర్తు మీద పడేది కాదు. నేను తెడ్డుకు వేద్దామనుకున్నాను.”

సెక్రటరీ నవ్వాడు. వదిన వేళాకోళం ఆయనకు అలవాటే. ఆమె నవ్వకపోయేసరికి నవ్వు మధ్యలో ఆగింది. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు.

“మీకెవరు చెప్పారు అలా వెయ్యమని?”

“అదేం ప్రశ్న? నాకెవరో చెప్పాలా?”

మిల్లు సంగతి చెప్పింది. అమ్మ చేతుల సంగతి చెప్పింది. సూటిగా, సాగదీయకుండా, ఇన్నేళ్ళు అట్టేపెట్టిన మాటలు చెప్పడానికి అంతసేపు పట్టదని తనకే ఆశ్చర్యం వేసేంత తొందరగా చెప్పేసింది. ఆయన తలవంచుకుని విన్నాడు. విని, తన తప్పేం లేకుండా, ఆ మాటే అన్నాడు. ఒక్క మిల్లు కోసం దేశాన్ని చూడకుండా పోతామా వదినా అన్నాడు. ఆ మాటలు ఆయనవి కావు. ఎన్నో ఆదివారాలు ఈ గదిలో ఈ కుర్చీలోనే కూర్చుని విని నేర్చుకున్నవి. అన్నవాడు పోయినా మాట చెక్కుచెదరకుండా ఉంది.

టీ మీద మీగడ కట్టింది.

“అన్నకు తెలుసా ఇది?”

“ఆయన అడగలేదు.”

“మీరు చెప్పలేదా?”

ఆమె చెంచాతో ఆయన కప్పు మీది మీగడ తీసేసింది. ఆయన కాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పక్కింటి మనిషనుకున్నవాడు వేరే ఊరివాడని తెలిసినప్పుడు చూసే చూపు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని లేచాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గర వస్తాను వదినా అనేవాడు. ఆరోజు వెళ్తాను అన్నాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఊళ్ళో మాట పాకింది. మొగుడి మీద కసితో కావాలనే వేలు తుడిచేసుకుందని ఒకరు, తెడ్డువాళ్ళు ముందే మాట్లాడుకున్నారని ఒకరు అన్నారు. తెడ్డుకు వేయాలనుకున్నామె తన ఓటును తనే ఎందుకు పోగొట్టుకుంటుందని ఎవరూ అడగలేదు. నోళ్ళకు తర్కంతో పనేముంది? తెడ్డు సంఘంవాళ్ళు మాత్రం పనిగట్టుకుని మనిషిని పంపారు, తమ సభలో రెండు మాటలు చెప్పమని. ఆయన ఉన్నన్నాళ్ళు పలకరించని వాళ్ళతో నాకేం మాటలు అని తలుపు దగ్గరనుంచే పంపేసింది. స్వదేశంలో ఫలితాలొచ్చాయి. గెలిచినవాళ్ళు ఊరేగారు, ఓడినవాళ్ళు యంత్రాంగాన్ని తిట్టారు. మిల్లు గురించి ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆమెకు ఓటు గురించిన బాధ మెల్లగా తగ్గింది. సెక్రటరీ గురించినది తగ్గలేదు. ఆయనతోపాటు గొంతు తగ్గించకుండా భర్త గురించి మాట్లాడుకునే చోటు పోయింది. అబద్ధమాడి సంతకం పెట్టేస్తే ఉండేదేమో. ఆ సంగతి కూడా ఆలోచించింది. భర్త ఉండగా ఊరుకోవడం ఒకటి, ఆయన పోయాక ఆయన పేరుమీద ఊరుకోవడం ఇంకొకటి. రెండోది చేతకాలేదు.

ఇప్పుడు ఆదివారాల్లో టీ తనకొక్కదానికే పెట్టుకుంటుంది. ఒక్కోసారి, లేని భర్తతో, ఆ పోట్లాట తనే మొదలుపెడుతుంది. ఇన్నేళ్ళ కాపురంలో వాళ్ళు పోట్లాడనిది అదొక్కటే. ఉప్పు గురించి పోట్లాడారు, కూతురి చదువు గురించి పోట్లాడారు, కిటికీ తీయాలా వేయాలా అని పోట్లాడారు. దీని గురించే పోట్లాడలేదు. తెడ్డుకు వేద్దామనుకుంటున్నాను అని గది మధ్యలో నిలబడి అంటుంది. ఆయన బూట్లు విప్పుతూ తలెత్తుతాడు. ముందు నవ్వుతాడు, తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు, తర్వాత దేశం, నష్టాలు, అప్పులు. ఆయన ఏమంటాడో ఆమెకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. దానికి తనేమనేదో, తనన్నదానికి ఆయన ఏమనేవాడో, అదే తెలియదు. అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. కప్పులో టీ చల్లారిపోయి ఉంటుంది.